110 కిలోల పైన: పెద్ద బరువుల పోటీలో గెలుపు లెక్క ఎలా తేలుతుంది?

2008 బీజింగ్ ఒలింపిక్స్. పురుషుల వెయిట్‌లిఫ్టింగ్‌లో అన్నిటికన్నా పెద్ద విభాగం చివరికొచ్చేసింది. రష్యాకు చెందిన ఎవ్‌గెనీ చిగిషెవ్ స్నాచ్‌లో (బార్‌ను ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 210, క్లీన్ అండ్ జెర్క్‌లో (రెండు దశల్లో ఎత్తడం) 250, మొత్తం 460 కిలోలతో అందరికన్నా ముందున్నాడు. అతని ప్రయత్నాలన్నీ అయిపోయాయి. జర్మనీ లిఫ్టర్ మథియాస్ స్టైనర్‌కు ఒక్క ప్రయత్నం మిగిలింది. స్నాచ్‌లో 203, క్లీన్ అండ్ జెర్క్‌లో 248 ఎత్తి 451 దగ్గర ఉన్నాడు. బంగారం కావాలంటే 258 ఎత్తాలి. అంటే కాసేపటి క్రితం ఎత్తినదానికన్నా ఏకంగా 10 కిలోలు ఎక్కువ. ఎత్తాడు. 461తో ఒక్క కిలో తేడాతో గెలిచాడు.

257 సరిపోయేది కదా, సమానమయ్యేది కదా అని చాలామందికి అనిపిస్తుంది. సరిపోయేది కాదు. అంత ప్రమాదకరమైన దూకుడు ఎలా సాధ్యమైంది అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఈ పోటీ సగం అర్థమైనట్టే. ఎవరు బలవంతుడో తేల్చే పోటీలా కనిపించే ఈ విభాగంలో, దగ్గర దగ్గర బలమున్న ఇద్దరి మధ్య ఫలితాన్ని తరచూ తేల్చేది బార్ మీద ఏ అంకె, ఏ నిమిషంలో పెట్టించారన్నదే.

హెవీవెయిట్ అంటే ఎవరు?

ముందు పేరులోని చిక్కు విప్పుకోవాలి. 1968 వరకు 90 కిలోలు దాటిన వాళ్లంతా ఒకే విభాగం, దాని పేరు హెవీవెయిట్. 1969లో 110 కిలోల గీత గీశారు. గీతకు లోపలివాళ్లు హెవీవెయిట్, పైవాళ్లు సూపర్ హెవీవెయిట్ అయ్యారు. ఆ తర్వాత గీత కదులుతూనే ఉంది. 1993లో 108, 1998లో 105, 2018 నవంబర్ నుంచి 109, 2025 జూన్ నుంచి మళ్లీ 110. మధ్యలో 2024 పారిస్ ఒలింపిక్స్‌కు విభాగాలు తగ్గించడంతో అక్కడ మాత్రం 102 అయింది. అంతర్జాతీయ సమాఖ్య ఇప్పుడు పేర్లు వాడదు, అంకెలే వాడుతుంది. ప్లస్ గుర్తుతో రాసే విభాగం ఏదైనా దానికి పైహద్దు లేదని అర్థం. అందులో 112 కిలోల మనిషీ ఉండొచ్చు, 180 కిలోల మనిషీ ఉండొచ్చు.

పైహద్దు లేకపోవడం వల్ల ఒక ముఖ్యమైన తేడా వస్తుంది. మిగతా విభాగాల్లో లిఫ్టర్లు పోటీకి ముందు ఒళ్లు తగ్గించుకోవడానికి తిండీ నీళ్లూ కట్టిపెట్టుకుంటారు. ఇక్కడ ఆ బాధ లేదు. పోటీకి రెండు గంటల ముందు తూకం మాత్రం అందరితోపాటు వీళ్లకీ ఉంటుంది.

రెండు ఎత్తులు, ఆరు అవకాశాలు

స్నాచ్ అంటే బార్‌ను నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి, చేతులు పూర్తిగా చాచి నిలబెట్టడం. క్లీన్ అండ్ జెర్క్‌లో రెండు దశలు. మొదట భుజాల మీదికి తెచ్చుకుని లేచి నిలబడాలి, తర్వాత అక్కడి నుంచి తల పైకి విసరాలి. 1972 ఒలింపిక్స్ దాకా ప్రెస్ అనే మూడో ఎత్తు కూడా ఉండేది, అంటే బార్‌ను భుజాల మీది నుంచి చేతుల బలంతోనే పైకి నెట్టడం. వెనక్కి వంగి ఎత్తడాన్ని న్యాయంగా తీర్పు చెప్పడం అసాధ్యమైపోయి దాన్ని తీసేశారు. సోవియట్ లిఫ్టర్ వాసిలీ అలెక్సెయెవ్ కాలపు 600 కిలోల మొత్తాలు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, అవి మూడు ఎత్తుల మొత్తాలు.

ఒక్కో ఎత్తుకు మూడేసి ప్రయత్నాలు. స్నాచ్‌లో ఎత్తిన అత్యధిక బరువు, క్లీన్ అండ్ జెర్క్‌లో అత్యధిక బరువు కలిపితే టోటల్. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్నాచ్‌కు, క్లీన్ అండ్ జెర్క్‌కు, టోటల్‌కు వేర్వేరు పతకాలు ఇస్తారు. ఒలింపిక్స్‌లో టోటల్‌కు మాత్రమే. ఒకే రోజు ఒకే మనిషి మూడు పతకాలు వేసుకుని కనబడితే అది ప్రపంచ చాంపియన్‌షిప్ అని గుర్తు.

ఏదైనా ఒక ఎత్తులో మూడు ప్రయత్నాలూ పోతే టోటలే ఉండదు. మొదటి బరువు ఎంత పెట్టాలన్నది అందుకే అంత పెద్ద నిర్ణయం. తప్పిన తర్వాత అదే బరువు మళ్లీ ప్రయత్నించొచ్చు, ఇంకా పెంచొచ్చు, తగ్గించడానికి మాత్రం లేదు. పోనీ చాలా తక్కువతో మొదలుపెడదామన్నా నియమం అడ్డొస్తుంది. పేరు నమోదు చేసేటప్పుడు చెప్పిన టోటల్ కన్నా మొదటి రెండు బరువుల మొత్తం 20 కిలోలకు మించి తగ్గకూడదు. 450 అని నమోదైన లిఫ్టర్ స్నాచ్‌కు 195 అడిగితే, క్లీన్ అండ్ జెర్క్‌కు కనీసం 235 అడగాలి.

బార్ మీద 267 కిలోలు ఎలా కూర్చుంటాయి

జార్జియా లిఫ్టర్ లాషా తలఖాడ్జే 2021 డిసెంబర్‌లో తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్నాచ్ 225, క్లీన్ అండ్ జెర్క్ 267, మొత్తం 492 ఎత్తాడు. అంతకుముందు ఏ కాలంలోనూ ఎవరూ పోటీలో ఎత్తనంత.

ఆ 267ను విడదీసి చూద్దాం. పురుషుల బార్ 20 కిలోలు, 2.2 మీటర్ల పొడవు, పట్టుకునే చోట 28 మిల్లీమీటర్ల మందం. ప్లేట్లు జారకుండా బిగించే కాలర్లు ఒక్కోటి 2.5 కిలోలు, రెండూ కలిపి 5. అంటే ప్లేట్లు వేయకముందే 25. మిగిలిన 242లో ఒక్కో వైపు 121. ఎర్ర ప్లేటు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. కాబట్టి ఒక్కో వైపు నాలుగు ఎర్రవి, ఒక నీలం, చివరన 1 కిలో చిన్న ఆకుపచ్చది. స్టైనర్ 258కి ఇదే లెక్క వేస్తే ఒక్కో వైపు 116.5 వస్తుంది: నాలుగు ఎర్రవి, ఒక పెద్ద పసుపు, ఒక 1.5 కిలోల చిన్న పసుపు. రంగులు లెక్కపెట్టడం అలవాటైతే తెర మీద అంకె పడకముందే బరువు చెప్పేయొచ్చు.

ఇంత బరువుకు బార్ గట్టిగా ఉండదు, విల్లులా వంగుతుంది. ప్లేట్ల సంఖ్య పెరిగేకొద్దీ చివరి ప్లేటు చేతులకు దూరమవుతుంది, వంపు ఇంకా పెరుగుతుంది. జెర్క్‌కు ముందు లిఫ్టర్ మోకాళ్లు కొద్దిగా వంచి ఒక్కసారిగా ఆగుతాడు. అప్పుడు ప్లేట్లు కిందికి దిగి, బార్ వంగి, తిరిగి పైకి తంతుంది. సరిగ్గా ఆ తన్నే క్షణంలో కాళ్లతో తోస్తే బార్ తేలికవుతుంది. రెప్పపాటు ముందు తోస్తే ప్లేట్లు ఇంకా కిందికి దిగుతూనే ఉంటాయి, కాళ్ల బలం వాటితో కొట్టుకోవడానికే ఖర్చయిపోతుంది. క్లీన్ సునాయాసంగా లేచిన మనిషి జెర్క్ దగ్గర తేలిపోవడానికి ఇదొక పెద్ద కారణం. రెండోది ఊపిరి. భుజాల మీది బార్ గొంతుకు నొక్కుకుంటే లేచి నిలబడేసరికి కళ్లు తిరుగుతాయి. నిలబడ్డాక బార్‌ను మెల్లగా సర్దుకుంటున్న లిఫ్టర్ తటపటాయిస్తున్నాడని అనుకోవద్దు, గొంతుకు దారి చేసుకుంటున్నాడు.

ఎవరి వంతు ఎప్పుడు?

కొత్తగా చూసేవాళ్లకు ఎక్కువ అయోమయం ఇక్కడే. ఒకరి తర్వాత ఒకరు వరసగా రారు. బార్ మీద బరువు పెరగడమే తప్ప తగ్గదు. తక్కువ బరువు అడిగినవాడు ముందు వస్తాడు. ఇద్దరూ ఒకే బరువు అడిగితే తక్కువ ప్రయత్నాలు వాడుకున్నవాడిది ముందు వంతు. పేరు పిలిచాక ఒక నిమిషం సమయం. తన ప్రయత్నం తర్వాత వెంటనే మళ్లీ తనే రావాల్సి వస్తే రెండు నిమిషాలు. ప్రతి ప్రయత్నానికీ బరువును రెండుసార్లు మార్చుకోవచ్చు, అయితే 30 సెకన్లు మిగిలాయని గంట మోగేలోపే మార్చుకోవాలి.

కోచ్‌ల ఆట అంతా ఈ చివరి నియమం మీదే. ఒక ఊహాత్మక పోటీ తీసుకుందాం. క్లీన్ అండ్ జెర్క్‌లో రవి 240, సోము 242, గిరి 245 అడిగారు. రవి 240 ఎత్తేశాడు. అతని తర్వాతి బరువు కనీసం 241. అదే ఉంచితే సోము 242 కన్నా తక్కువ కాబట్టి రవే రెండు నిమిషాల్లో మళ్లీ రావాలి, అలసట తీరదు. రవి కోచ్ 246కు పెంచితే సోము, గిరి ముందుకొస్తారు, రవికి నాలుగైదు నిమిషాల విశ్రాంతి దొరుకుతుంది. అదే సమయంలో లోపలి గదిలో సోము పరిస్థితి చూడండి. బయట ఇంకో ప్రయత్నం ఉందిలే అనుకుని చివరి వార్మప్ ఎత్తు మిగుల్చుకున్నాడు. ఉన్నట్టుండి పేరు పిలిచారు. ఒళ్లు పూర్తిగా వేడెక్కకుండానే 242 ముందుకు రావాలి. దీనికి విరుగుడుగా సోము కోచ్ కూడా 246కు పెంచేయొచ్చు, కానీ మొదటి ప్రయత్నమే పెద్దదైపోతుంది. మార్పులు రెండే కాబట్టి ఇప్పుడు వాడేసుకుంటే తర్వాత అవసరానికి ఉండవు.

కార్డు పట్టుకుని బల్ల దగ్గర నిలబడే కోచ్ ఎన్ని ప్రయత్నాల తర్వాత తన మనిషి వంతు వస్తుందో ఎప్పటికప్పుడు లెక్కపెడుతూనే ఉంటాడు. ఆ లెక్క తప్పితే శరీరం చల్లారిపోతుంది, లేదా వార్మప్ పూర్తవదు. బయట చూసేవాళ్లకు మాత్రం మోకాళ్లలో పట్టు లేదనిపిస్తుంది.

ఇప్పుడు స్టైనర్ దూకుడు అర్థమవుతుంది. బరువు తగ్గదు కాబట్టి 258కి వచ్చేసరికి మిగతావాళ్లందరి ప్రయత్నాలూ అయిపోయాయి. మూడో స్థానంలో ఉన్న లాత్వియా లిఫ్టర్ విక్టర్స్ షెర్బాటిస్ టోటల్ 448. తప్పినా 451తో వెండి ఎక్కడికీ పోదు. 253కో 255కో పెంచితే టోటల్ పెరిగేది, స్థానం మారేది కాదు. ఉన్న పందెం 258 ఒక్కటే.

టోటల్ సమానమైతే?

2016 దాకా నియమం ఒళ్లు తక్కువ బరువున్నవాడిదే గెలుపు అనేది. బీజింగ్‌లో స్టైనర్ చిగిషెవ్ కన్నా భారీగా ఉన్నాడు కాబట్టి 257తో సమానం చేసినా ఓడిపోయేవాడే. 2017 నుంచి ఒంటి బరువును పక్కన పెట్టారు. ఆ టోటల్‌ను ముందు చేరుకున్నవాడిదే పైస్థానం.

మన ముగ్గుర్నే తీసుకుంటే, రవి 205, 245లతో 450 చేరాడు. గిరి స్నాచ్ 200. గిరి తర్వాత 250 ఎత్తితే టోటల్ సమానం, అయినా రవే ముందు. గెలవాలంటే 251 కావాలి. పాత నియమంలో గిరి ఒళ్లు తేలికైతే 250 చాలు.

రెండు నియమాల మీదా వాదనలున్నాయి. పాతదాన్ని సమర్థించేవాళ్లు తక్కువ ఒళ్లుతో అంతే బరువు ఎత్తడం గొప్పే కదా అంటారు. ముఖ్యంగా హద్దులేని విభాగంలో 125 కిలోల మనిషికి 170 కిలోల మనిషితో పోటీలో అదొక్కటే ఊరట. కొత్తదాన్ని సమర్థించేవాళ్లు వేదిక మీద జరిగిందే ఫలితం కావాలి, తూకం గదిలో జరిగింది కాదు అంటారు. చూసేవాడికి తేలిగ్గా అర్థమవుతుంది, లిఫ్టర్లు గ్రాముల కోసం ఒళ్లు ఎండబెట్టుకోనక్కర్లేదు. నాకు రెండో వాదన బలంగా కనిపిస్తుంది, కానీ దానివల్ల తర్వాత ఎత్తేవాడు ఎప్పుడూ ఒక కిలో అదనంగా మోయాల్సి వస్తోందన్నది కాదనలేని నిజం.

తెల్ల దీపం, ఎర్ర దీపం, ఆపైన జ్యూరీ

ముగ్గురు రెఫరీల్లో ఇద్దరు తెల్ల దీపం వెలిగిస్తే ఎత్తు చెల్లుతుంది. ఆపైన జ్యూరీ వీడియో చూసి ఆ తీర్పును మార్చొచ్చు. పెద్ద బరువుల్లో ఎత్తును ఎక్కువగా పోగొట్టే తప్పులు మూడు. క్లీన్‌లో కింద కూర్చున్నప్పుడు మోచేయి తొడకో మోకాలికో తగలడం. తొడలు, పై చేతులు లావుగా ఉన్నవాళ్లకు వాటి మధ్య చోటు సన్నం కాబట్టి ఇది పొంచి ఉంటుంది. రెండోది, జెర్క్ తర్వాత పాదాలు ఒకే వరసలోకి వచ్చి శరీరం కదలకుండా నిలిచేలోపే, దించమనే సంకేతం రాకముందే దించేయడం. మూడోది అన్నిటికన్నా గొడవ పెట్టేది, ప్రెస్ అవుట్. బార్ తల పైకి చేరాక మోచేయి ముడుచుకుని ఉండి, తర్వాత నెట్టి చాచడం.

2016 రియోలో ఇరాన్ లిఫ్టర్ బెహ్‌దాద్ సలీమీ స్నాచ్‌లో 216 ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. క్లీన్ అండ్ జెర్క్‌లో 245 దగ్గర మూడు ప్రయత్నాలూ పోయాయి. అందులో ఒకటి రెఫరీలు ఒప్పుకున్నారు, జ్యూరీ కొట్టేసింది. ఆ ఒక్కటి నిలిచి ఉంటే టోటల్ 461. బంగారం గెలిచిన తలఖాడ్జేది 473, వెండి గెలిచిన గోర్ మినస్యాన్‌ది 451. అంటే వెండి స్థానం. నిలవలేదు కాబట్టి రికార్డు పెట్టిన మనిషి పేరు టోటల్ పట్టికలోనే లేకుండా పోయింది.

ప్రెస్ అవుట్ నియమం తీసేయాలనేవాళ్లు బార్ తల మీద స్థిరంగా నిలిచాక ఇంకేం కావాలి, మోచేతి వంకర సామాన్య ప్రేక్షకుడికి కనిపించనే కనిపించదు అంటారు. ఉంచాలనేవాళ్లు 1972లో ప్రెస్ ఎందుకు పోయిందో గుర్తుచేస్తారు. చేతులతో నెట్టడం ఒప్పుకుంటే వేగం, నైపుణ్యం తేల్చాల్సిన ఎత్తు భుజబలం పరీక్షగా మారిపోతుంది. పుట్టుకతోనే మోచేయి పూర్తిగా చాచుకోని లిఫ్టర్లు ఆ సంగతి పోటీ మొదలవకముందే రెఫరీలకు చూపించుకోవాలి.

ఒళ్లు పెద్దదైతే ఎంత లాభం?

కండరం బలం దాని అడ్డుకొలతను బట్టి ఉంటుంది, బరువు ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఒళ్లు మూడింతలైతే బలం మూడింతలవదు, సుమారు 2.08 రెట్లు అవుతుంది. 1988 సియోల్‌లో టర్కీ లిఫ్టర్ నయిం సులేమానోగ్లు 60 కిలోల విభాగంలో 190 జెర్క్ చేశాడు. ఆ లెక్కన 180 కిలోల మనిషి 395 ఎత్తాలి. తలఖాడ్జే 267 దగ్గరున్నాడు. తేడా ఎక్కడ పోయింది?

మొదటిది, ఆ లెక్క రెండు శరీరాలూ ఒకే ఆకారంలో ఉన్నాయనుకుంటుంది. హద్దు లేనిచోట పెరిగిన ఒంట్లో కండతోపాటు కొవ్వూ ఉంటుంది, అది ఎత్తదు. రెండోది, పొడవైన మనిషి బార్‌ను ఎక్కువ ఎత్తుకు తీసుకెళ్లాలి. మూడోది, ఎత్తేది బార్‌ను మాత్రమే కాదు, కిందికి దూకి మళ్లీ లేపాల్సిన తన ఒంటిని కూడా. నాలుగోది, సులేమానోగ్లు మామూలు 60 కిలోల మనిషి కాదు, అతన్ని కొలబద్దగా పెట్టుకోవడమే కఠినం.

అయితే కొవ్వు వృథా అనడం కూడా తొందరపాటే. బార్, మనిషి కలిసిన మొత్తం బరువు మధ్యబిందువు పాదాల మీద ఉండాలి. ఒళ్లు బరువైతే బార్ కొంచెం ముందుకు పోయినా ఆ బిందువు అంతగా కదలదు. లావైన నడుము, బిగించిన పొట్ట వెన్నుకు దన్ను. నష్టం స్నాచ్‌లో కింద కూర్చున్నప్పుడు తెలుస్తుంది, పొట్టా తొడలూ అడ్డుపడి బార్ కిందికి సరిగ్గా చేరలేకపోతే బార్ ముందుకో వెనక్కో పోతుంది. 2012 లండన్‌లో అదే స్టైనర్ 196 స్నాచ్ ప్రయత్నంలో అదుపు తప్పి బార్ మెడ మీద పడింది, పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది.

రికార్డులు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవు

విభాగం గీత మారినప్పుడల్లా పాత రికార్డుల పుస్తకం మూసేసి కొత్తది తెరుస్తారు. కొత్త విభాగానికి సమాఖ్య ఒక ప్రమాణం అంకె ప్రకటిస్తుంది, దాన్ని అందుకునేదాకా రికార్డు గడి ఖాళీ. హద్దు కింది వైపే మారింది కాబట్టి 180 కిలోల మనిషికి 105 పైన అన్నా 110 పైన అన్నా ఒకటే, కానీ కాగితం మీద ఇవి వేర్వేరు. అందుకే 1988లో కాన్‌బెరాలో సోవియట్ లిఫ్టర్ లియోనిద్ తారానెంకో క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తిన 266 పట్టికలో లేకపోయినా 33 ఏళ్లు అందరి మనసులో కొలతగా నిలిచింది. 1987లో బల్గేరియా లిఫ్టర్ ఆంటోనియో క్రస్తెవ్ చేసిన 216 స్నాచ్ కూడా అంతే. రియోలో సలీమీ పెట్టిన ప్రపంచ రికార్డు నిజానికి దానితో సమానం.

అంకెలు రాసే పద్ధతీ మారింది. 2004 ఏథెన్స్‌లో ఇరాన్ లిఫ్టర్ హొస్సేన్ రెజాజాదే 263.5 జెర్క్ చేశాడు, రికార్డుగా అలాగే రాశారు. టోటల్‌లో మాత్రం 262.5గా లెక్కేసి, 210 స్నాచ్‌తో కలిపి 472.5 అన్నారు. అప్పట్లో టోటల్ 2.5 కిలోల మెట్లలోనే నడిచేది. 2005 నుంచి ప్రతి కిలో లెక్కలోకి వస్తోంది.

వీటన్నిటి పైనా డోపింగ్ నీడ ఉంది. 2015 హ్యూస్టన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రష్యా లిఫ్టర్ అలెక్సీ లోవ్‌చెవ్ 211, 264 ఎత్తి 475తో రికార్డు పెట్టాడు. ఇపామోరెలిన్ అనే నిషేధిత పదార్థం బయటపడి ఫలితం రద్దయింది, బంగారం తలఖాడ్జేకు వెళ్లింది. ఆ తలఖాడ్జే కూడా అంతకుముందు స్టానోజోలోల్ వాడినందుకు రెండేళ్ల నిషేధం అనుభవించినవాడే. శిక్ష ముగిశాక చేసిన ఎత్తులు పూర్తిగా చెల్లుతాయనేది నియమం. ఒకసారి పట్టుబడ్డవాళ్ల రికార్డులను వేరుగా చూడాలనేది కొందరి అభిప్రాయం. 1980ల రికార్డులకు ఇప్పటి స్థాయి పరీక్షలే లేవు కాబట్టి వాటినెందుకు ఆరాధించాలని ఇంకొందరి ప్రశ్న.

ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు కుదించుకుపోవడానికి డోపింగే ముఖ్య కారణం. రియోలో 260 మంది లిఫ్టర్లకు కోటా ఉంటే టోక్యోలో 196, పారిస్‌లో 120. పారిస్‌లో ఒక్కో విభాగానికి పన్నెండు మంది చొప్పునే. హద్దులేని విభాగం మాత్రం అన్నిసార్లూ నిలిచింది. పారిస్‌లో తలఖాడ్జే 215, 255లతో 470 చేసి మూడో ఒలింపిక్ బంగారం గెలిచాడు. ఆర్మేనియా లిఫ్టర్ వరజ్‌దాత్ లలయాన్ కూడా స్నాచ్‌లో 215తో సమానంగా నిలిచి, జెర్క్‌లో 252 చేశాడు. 467. తాష్కెంట్‌లో 492 చేసిన మనిషికీ, తర్వాతి వాడికీ మధ్య పారిస్‌లో మిగిలిన తేడా 3 కిలోలు.